కరెంటు పోయినా మోగే పెట్టె

చిరంజీవులు చిట్టికీ బుజ్జిగాడికీ పెదనాన్న ఆశీస్సులు.

మొన్న సెలవులకు మీరు వచ్చినప్పుడు గాలివానకు కరెంటు పోయి, బుజ్జిగాడి కీబోర్డు ఠక్కున మూగబోయింది. నా పాత గిటారు మాత్రం మోగుతూనే ఉండటం చూసి "దీనికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది పెదనాన్నా?" అని చిట్టి అడిగింది. ఆ చీకట్లో నవ్వి ఊరుకున్నాను గానీ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ రాత్రి నానమ్మ మీకు విసిరిన తాటాకు విసనకర్రను గుర్తు తెచ్చుకోండి. చీపురుపుల్లను ఎంత వేగంగా ఊపినా ముఖానికి గాలి తగలదు. గాలి దాని పక్కలనుంచి జారిపోతుంది. గిటారు తీగ ఆ పుల్ల వంటిది. లావు తీగ సెకనుకు 82 సార్లు, అన్నిటికన్నా సన్నది 330 సార్లు ఊగుతాయి. ఊగి ఏం లాభం, గాలిని కదల్చలేవు. ఆ ఊపును అందుకొనే పెట్టె పైపలకే అసలు విసనకర్ర. దాని మందం సుమారు 3 మిల్లీమీటర్లు. విసనకర్రకు ఈనెలు ఉన్నట్టే దాని అడుగున సన్నని చెక్కబద్దలు అంటించి ఉంటాయి. అవి లేకపోతే తీగల లాగుడుకు పలక ఉబ్బిపోతుంది. మరి నడుమ రంధ్రం ఎందుకంటే, ఇక్కడ నా విసనకర్ర కాస్త చిరిగిందని ఒప్పుకోవాలి. పెట్టెలోని గాలి అందులోంచి లోపలికీ బయటికీ ఆడుతూ మంద్రస్వరాలకు బలమిస్తుంది.

నా చిన్నప్పుడు మా నాయనమ్మ కథ చెబుతూ విసిరేది. ఆమెకు నిద్ర ముంచుకొచ్చే కొద్దీ గాలి నెమ్మదించి, చివరకు విసనకర్ర మా ముఖాల మీద పడేది. సీలింగు ఫ్యాను కింద పడుకొన్నవాడికి ఇలా విసిరే మనిషి సంగతి తెలియదు.

వరంగల్‌లో చదువుకొనే రోజుల్లో నాకు ఈ దగ్గరితనం మళ్ళీ తెలిసివచ్చింది. హోరెత్తించే రాక్ సంగీతకారులు కరెంటుతో ధ్వనిని పెంచే ఆంప్లిఫయర్లు పక్కన పెట్టి చెక్క గిటార్లతో వాయించే "అన్‌ప్లగ్డ్" కార్యక్రమాన్ని అమెరికా సంగీత టీవీ ఛానెల్ ఎమ్‌టీవీ 1989లో మొదలుపెట్టింది. అందులో 1992లో ఇంగ్లండు గిటారు విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్ చేసిన కచేరీ క్యాసెట్టును మేము టేపు సాగిపోయేదాకా విన్నాం. వేసవి రాత్రి హాస్టల్లో కరెంటు పోతే అందరమూ డాబా మీదికి చేరేవాళ్ళం. సీనియర్ ఒకాయన నీళ్ళ ట్యాంకుకు ఆనుకొని ఆ పాటలే వాయించేవాడు. మైకు లేదు కాబట్టి నాలుగు గజాల అవతల మాట్లాడుకొనేవాళ్ళకు ఏమీ వినబడేది కాదు. వినాలనుకొన్నవాళ్ళం మోకాళ్ళు తగిలేంత దగ్గరగా జరిగి, నోరు మూసుకొని కూర్చొనేవాళ్ళం. లావు తీగ మీద వేలు జారినప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు కూడా పాటలో భాగంగానే వినబడేది. ఒకసారి పాట నడుమ తీగ తెగితే, మిగిలిన ఐదింటితోనే ముగించాడు. ఇప్పుడు మీరు చెవుల్లో పెట్టుకొనే బుల్లి బిరడాలలో ధ్వని ఎంత శుభ్రంగా ఉన్నా, పక్కవాడి మోకాలు తగలదు కదా అని నా బాధ.

1993 నవంబరు 18న న్యూయార్క్‌లో నిర్వాణ అనే అమెరికా రాక్ బృందం కూడా ఆ కార్యక్రమంలోనే ఇలాగే వాయించింది. అయితే ఆ బృందం గాయకుడు కర్ట్ కొబేన్ గిటారును ఆంప్లిఫయర్‌కు కలిపి, అది కనబడకుండా ఒక డబ్బా అడ్డం పెట్టారు. అంటే, విసనకర్ర వెనక టేబుల్ ఫ్యాను దాచారన్నమాట. ఆ సంగతి తెలిశాక కూడా నాకు ఆ పాటల మీద కోపం రాలేదు. ఎందుకు రాలేదో విసనకర్రతో చెప్పలేను.

అటకమీది నా రెండో గిటారును మీ నాన్న చేత దింపించండి. కరెంటు పోయిన రాత్రి, ఫోను లైటు వెలిగించకుండా, బుజ్జిగాడు దాని పక్కచెక్కకు దవడ ఆనించి కూర్చోవాలి. చిట్టి లావు తీగను ఒక్కసారే మీటాలి. దవడ ఎముకలో ఏమి తెలుస్తుందో, ఎంతసేపటికి ఆగిపోతుందో నాకు రాయండి.

మీ పెదనాన్న