ప్రొస్టేట్ హార్మోన్ ఇంజెక్షన్లు: ఎముకల సంగతి ఇంత లేటుగా ఎందుకు బయటపడింది?

ప్రొస్టేట్ క్యాన్సర్‌కి, మగ హార్మోన్‌ని తగ్గించే ఈ ఇంజెక్షన్‌ని మూడు నెలలకోసారి వేయించుకునే మగవాళ్లకి ఉన్నట్టుండి ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావడం, రాత్రిళ్లు చెమటకి బనీను తడిసిపోవడం, కోరిక పోవడం, కండ కరిగి పొట్ట పెరగడం మామూలే. ఎముకలు గుల్లబారడం, షుగర్ రావడం మాత్రం పైకి కనపడవు, అందుకే వాటిని పట్టుకోడానికి చాలా ఏళ్లు పట్టింది.

1941లో చికాగో యూనివర్సిటీలో చార్లెస్ హగిన్స్, ఇంకో డాక్టర్ క్లారెన్స్ హాడ్జెస్ కలిసి, వృషణాలు తీసేసినా, ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ ఇచ్చినా ఒంట్లో మగ హార్మోన్ పడిపోయి ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్ కూడా తగ్గుముఖం పడుతుందని చూపించారు. హగిన్స్‌కి 1966లో నోబెల్ వచ్చింది. ఆపరేషన్ అంటే ఎవరు ముందుకొస్తారు, అందుకని ఈస్ట్రోజన్‌లా పనిచేసే స్టిల్‌బెస్ట్రాల్ మాత్రలు బాగా వాడారు, రొమ్ములు పెరిగేవి, అయినా ఓర్చుకున్నారు. తీరా 1960ల్లో అమెరికాలో మాజీ సైనికుల హాస్పిటళ్లలో ట్రయల్ చేస్తే రోజుకి 5 మిల్లీగ్రాములు మింగినవాళ్లు క్యాన్సర్‌తో తక్కువ, గుండె జబ్బులతో ఎక్కువ పోతున్నారని తేలింది.

తర్వాత వచ్చింది ఇంజెక్షన్. మెదడు నుంచి పిట్యూటరీ గ్రంథికి వెళ్లి మగ హార్మోన్ తయారీని నడిపించే హార్మోన్ ఎలా ఉంటుందో 1971లో ఆండ్రూ షాలీ టీమ్ కనిపెట్టింది, దాన్ని పోలిన ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్‌కి 1985లో అమెరికాలో పర్మిషన్ వచ్చింది. మొదట్లో ఒకటి రెండు వారాలు టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) పెరిగి ఆ తర్వాత పడిపోతుంది, ఆ పెరుగుదలకి క్యాన్సర్ ఎముకలకి పాకినవాళ్లకి నొప్పి ఎక్కువవ్వకుండా ముందు మగ హార్మోన్‌ని అడ్డుకునే మాత్రలు ఇస్తారు. కత్తి లేదు, ఈస్ట్రోజన్ లేదు, ఇంక సేఫ్ అనుకున్నారు అందరూ.

నాకనిపించేది, అసలు మెలిక ఇక్కడే ఉంది. అంతకుముందు ఈ ట్రీట్‌మెంట్ ఎక్కువగా జబ్బు ముదిరినవాళ్లకే, ఎముకలు అరిగేదాకా వాళ్లు బతికితే కదా. పీఎస్ఏ అనే ప్రొస్టేట్ రక్తపరీక్ష వచ్చాక అందులో నెంబర్ కొంచెం పెరగ్గానే మొదలుపెట్టేశారు, వాళ్లు ఏళ్ల తరబడి బతికారు, అప్పుడు లెక్కలు బయటికొచ్చాయి. 2005లో అమెరికాలో పెద్ద వయసు పేషెంట్ల రికార్డులు తిరగేస్తే, జబ్బు తేలాక ఐదేళ్లు దాటి బతికినవాళ్లలో హార్మోన్ ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్లకి ఎముక విరగడం 19.4 శాతం, తీసుకోనివాళ్లకి 12.6 శాతం. మరుసటి ఏడాది షుగర్, గుండె జబ్బుల సంగతి కూడా తేలింది, 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ హెచ్చరికని లేబుల్ మీద పెట్టించింది. అంటే మందు మార్కెట్లోకి వచ్చిన పాతికేళ్లకి!

మన దగ్గర ఇంజెక్షన్ ఖర్చు భరించలేక ఒకేసారి అయిపోతుందని వృషణాలు తీసే ఆపరేషన్ చేయించుకునేవాళ్లు చాలామందే. దాంతో ఎముకల బాధ తప్పుతుందనుకుంటే పొరపాటే, టెస్టోస్టిరాన్ పోవడం రెండిట్లోనూ ఒకటే. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, షుగర్ టెస్ట్ వీళ్లకీ కావాలి.

విచిత్రం ఏంటంటే ఈస్ట్రోజన్ మళ్లీ వచ్చింది, ఈసారి చర్మానికి అంటించే ప్యాచ్‌గా. మాత్ర మింగితే లివర్ మీద పడి రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, ప్యాచ్‌తో ఆ గొడవ చాలావరకు ఉండదు. 2021లో బ్రిటన్ ట్రయల్‌లో గుండె సమస్యలు ఇంజెక్షన్‌తో దాదాపు సమానంగానే వచ్చాయి. రొమ్ముల వాపు మాత్రం ఇంజెక్షన్ కంటే బాగా ఎక్కువ.