జానెడు టేపు

చి॥ అమ్ములుకూ, చిన్నాడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీ నాన్న గొంతు కాస్త కోపంగానే ఉంది. బీరువా అడుగు అరలోని హ్యాండీక్యామ్ సంచీ తీసి, చిన్న క్యాసెట్టు మూత ఎత్తి, అమ్ములు టేపు బయటికి లాగేసిందట. తిట్లన్నీ అయ్యాక ఫోను లాక్కుని నువ్వడిగావు చూడు అమ్ములూ, ఆ మాట నాకు భలే నచ్చింది. "కిటికీ దగ్గర పెట్టి చూశాను తాతయ్యా, ఒక్క బొమ్మా లేదు. మరి నాన్న ఇందులో ఎక్కడున్నాడు?"

ఫోనులో చెప్తే తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

నీ వయసులో నేనూ ఆ పనే చేశాను. అయితే నాకు బొమ్మ కనపడింది. మా ఊరి చివర డేరా సినిమా ఉండేది. ఆపరేటరు తెగిన ఫిలిం అతికించేటప్పుడు కత్తిరించి పారేసిన ముక్కల కోసం మేం గది వెనక కాపు కాసేవాళ్ళం. ముక్కకి నాలుగు గోళీలు, హీరో మొహం ఉంటే పది. మాడిపోయిన బల్బు మూతి జాగ్రత్తగా పగలగొట్టి, లోపలి తీగ తీసేసి, నీళ్ళు పోస్తే అదే మాకు భూతద్దం. ఎండలోంచి అద్దంతో వెలుగు గదిలోకి కొట్టి, మధ్యలో ఫిలిం ముక్క పెడితే మా అమ్మ ఆరేసిన పంచె మీద హీరో తలకిందులుగా ప్రత్యక్షం. ఒకసారి నాకు అందరూ వెళ్ళిపోయాక మిగిలిన ఖాళీ కుర్చీ బొమ్మ ఉన్న ముక్క దొరికింది. దాన్ని ఎవడూ కొనలేదు. నా దగ్గర చాలా ఏళ్ళుంది.

ఆ ఫిలిం జానెడు పొడవుంటే అందులో పన్నెండు బొమ్మలు. తెర మీద అది అరక్షణం. నువ్వు లాగింది కూడా జానెడే అనుకుందాం. కెమెరాలో టేపు నడిచేది సెకనుకు పంతొమ్మిది మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా. అంటే జానెడు టేపు పన్నెండు సెకన్లు. సెకనుకు పాతిక బొమ్మల చొప్పున మూడు వందల బొమ్మలు నీ చేతిలో ఉన్నాయి, నీకేమో గోధుమరంగు రిబ్బను కనిపించింది!

మన పొలం గుర్తుందిగా? ఏరువాకప్పుడు మెట్ట చెక్కలో చాళ్ళు తోలి గింజ వేశాక దారిన పోయేవాడికి ఏం కనపడుతుంది? మట్టి. పంట అందులోనే ఉంది. టేపూ అంతే. అది మీ చిటికెనవేలి గోరంత వెడల్పున్న పొలం, ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు. పొడవు మాత్రం అరవై మీటర్లు దాటుతుంది, గంట సేపు దున్నొచ్చు. మట్టికి బదులు దాని మీద లోహపు పూత. కెమెరా లోపల చిన్న లోహపు డ్రమ్ము వాలుగా కూర్చుని ఉంటుంది. దానికి అటొకటి ఇటొకటి రెండు హెడ్లు. అవే నాగటి కర్రులు. మన నాగలి నడుస్తుంది, పొలం కదలదు. ఇక్కడ రెండూ కదులుతాయి: పొలం నత్తలా జరుగుతుంటే, నాగలి సెకనుకు నూట యాభై సార్లు గిర్రున తిరుగుతుంది. డ్రమ్ము వాలుగా ఉంది కాబట్టి చాళ్ళు నిలువుగా కాకుండా ఏటవాలుగా పడతాయి. ఒక్క బొమ్మకి పన్నెండు చాళ్ళు. ఎంత సన్నమంటే, నీ జడలోంచి ఒక వెంట్రుక తీసి ఆ చాళ్ళ వెంబడే పెడితే దాని కింద అయిదారు చాళ్ళు దాక్కుంటాయి.

ఆ చాళ్ళలో గింజలు అంకెలు. ఒకటి, సున్నా. అయస్కాంతం అటు తిరిగితే ఒకటి, ఇటు తిరిగితే రెండోది అనుకో. బొమ్మ కోసమే సెకనుకు రెండున్నర కోట్ల గింజలు పడతాయి. ఎక్కడైనా పిట్ట గింజ తినేస్తే, అంటే దుమ్ముపడి చదవలేకపోతే, తెర మీద గళ్ళుగళ్ళుగా తేలుతుంది. అప్పుడప్పుడు కెమెరా కూడా మన కూలీల్లాగే పక్క మడిలోంచి నారు పీకి ఖాళీ పూడుస్తుంది, అంతకు ముందు బొమ్మలోని ముక్క తెచ్చి అతికిస్తుంది. అదే టేపు మీద మళ్ళీ తీస్తే పాత చాళ్ళ మీదే కొత్త దుక్కి. పాత పంట ఇక లేదు. ఇంతవరకు పోలిక బాగానే నడిచింది. పొలం పంట ఒక్కసారే కోస్తాం, టేపును మాత్రం ఎన్నిసార్లు కోసినా పంట అలాగే ఉంటుందే, దీనికేం చెప్పాలో నాకు తోచలేదు. మీ నాయనమ్మ నడిగితే "ములక్కాడ చెట్టనుకోండి" అంది.

ఇక ఆ కెమెరా సంగతి. 2003 జులైలో గోదావరి పుష్కరాలకని సికింద్రాబాదులో కొన్నాను. దాని పక్కన 120 రెట్ల జూమ్ అని పెద్దక్షరాలతో రాసుంది, నేను మురిసిపోయాను. అందులో అద్దం నిజంగా దగ్గరికి లాగేది పది రెట్లే. మిగతాదంతా ఉన్న బొమ్మనే సాగదీయడం, పలచటి మజ్జిగలో ఇంకా నీళ్ళు పోయడం. ఆ మోజులో అటూ ఇటూ తిప్పి తీసిన మొదటి క్యాసెట్టు చూస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. మీరు ఫోనుతో తీసినా సరే, మోచేతులు డొక్కలకు ఆనించి, పది సెకన్లు కదలకుండా పట్టుకోండి. కదిలే పని ఎదుటివాళ్ళది.

రైలు ఏసీ పెట్టెలో రాత్రంతా చల్లగా పడుకున్న కెమెరాను తెల్లవారుజామున రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద సంచీలోంచి తీశాను. తెర మీద నీటిచుక్క గుర్తు వెలిగింది, అంతే, మొండికేసింది. చల్లటి గ్లాసు పైన చెమట పడుతుందే, అదే డ్రమ్ము మీద పట్టింది. తడి డ్రమ్ముకు టేపు అతుక్కుంటే చిరుగుతుందని అది తనంతట తనే ఆగిపోయింది. నేనది తెలియక దాన్ని ఊపాను, ఊదాను, అమ్మినవాణ్ణి తిట్టాను. గంటపైన పట్టింది ఆరడానికి. కోటిలింగాల రేవులో మీ నాన్న మొదటి మునక అలా పోయింది. రైలు దిగక ముందే ప్లాస్టిక్ సంచీలో కట్టి, మెల్లగా వేడెక్కనిస్తే సరిపోయేది. మీకిది ఎప్పుడో పనికొస్తుంది, ఊటీ నుంచి దిగేటప్పుడైనా.

రెండో మునక మాత్రం దొరికింది. మీ నాన్నకప్పుడు పద్దెనిమిదేళ్ళు, సన్నగా చీపురుపుల్లలా ఉన్నాడు. 2015 పుష్కరాలప్పుడు మీ నాన్న ఫోనుతో తీసిన వీడియోలు ఎన్నో ఉన్నాయి, ఏది ఏ ఫోనులో ఉందో ఇంట్లో ఎవరికీ తెలీదు. క్యాసెట్లు పదిహేడూ అరలోనే ఉన్నాయి. కాకపోతే వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ఫైర్‌వైర్ తీగ కావాలి, ఇప్పటి కంప్యూటర్లకు ఆ రంధ్రమే ఉండదు. ఉన్నా, గంట క్యాసెట్టుకి గంటా కూర్చోవాలి, పదమూడు జీబీ చోటు కావాలి. తొందరపెడితే నడవదు. దసరాకి నేను వస్తాను, నా పాత కంప్యూటరు మోసుకొస్తాను. రోజుకొక్కటి చొప్పున కూర్చుందాం. చిన్నాడు మధ్యలో లేవకూడదు.

ఈలోగా ఒక పని చెయ్యండి. లాగిన క్యాసెట్టు ముట్టుకోకండి, నలిగిన టేపు హెడ్డును పాడు చేస్తుంది. "పుష్కరాలు-2" అని రాసినది తీయండి. దాని వెనక చిన్న మీట సేవ్ వైపు ఉందో లేదో చూడండి, ఉంటే దాని మీద పొరపాటున కూడా దుక్కి పడదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, వైరు గోడకి పెట్టమని నాన్నకి చెప్పండి. క్యాసెట్టు పెట్టి తలుపు మూశాక తెర వైపు చూడకుండా కెమెరాకి చెవి ఆనించండి. ముందు టక్కుమంటుంది, తరవాత చిన్న చక్రాలు కదిలిన చప్పుడు, ఆపైన తుమ్మెద రొదలాగా సన్నగా మొదలవుతుంది. సెకనుకి నూట యాభై చుట్లు, అదే.

తరవాత తెర చూడండి. రెండో నిమిషం దగ్గర మీ నాయనమ్మ మెట్ల మీద చేతులు రెండూ కిందికి పెట్టుకుని, ఫోటో తీస్తున్నారనుకుని, ఒకటిన్నర నిమిషం పాటు రెప్ప కూడా వెయ్యకుండా నిలబడి ఉంటుంది. వెనక నేను "కదులు, కదులు" అని అరుస్తుంటాను. నాకు వినపడలేదు అంటుంది ఇప్పటికీ. ఫోను చేసి మీరే అడగండి.

మీ తాతయ్య