గోడ మీది బొగ్గు గీతలు

చిన్నోడికీ చిట్టికీ తాత ఆశీర్వాదాలు.

మొన్న పండక్కి మునుగోడు వచ్చినప్పుడు తలుపు పక్క గోడకు ఆనుకొని ఎంత ఎత్తు పెరిగారో చూసుకోవడానికి బొగ్గు గీతలు పెట్టించుకున్నారు గదా, అప్పుడు చిన్నోడు "ఎముక ఎక్కడ పెరుగుతది తాతా, మధ్యలోనా?" అని అడిగితే జవాబు చెప్పేలోపే బస్సు వచ్చేసింది.

మన దొడ్లో వేపచెట్టుకు దండెం కోసం కొట్టిన మేకు చూశారా, చెట్టు ఇంటిని దాటిపోయినా అది ఇంకా నా భుజమంత ఎత్తులోనే ఉంది. ఎముకా దాదాపు అంతే. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే ఆయన కోడిపిల్ల కాలి ఎముకకు రెండు చిల్లులు పెట్టి చూస్తే, కాలు పొడుగైంది గానీ చిల్లుల మధ్య దూరం మారలేదు. కొసల దగ్గరున్న మెత్తటి ఎముక పలకలోనే కొత్తది పుడుతుందన్నమాట.

నేను ల్యాబులో ఎలుకల గది చూసుకునే రోజుల్లో ఇదే కొలిచేవాళ్ళం, చిల్లులు లేకుండా. టెట్రాసైక్లిన్ అనే మందుకు కాల్షియం అంటే ప్రాణం, సూది వేసిన రోజు ఏ ఎముక తయారవుతుంటే దానికే పోయి అతుక్కుంటుంది. (చిన్నపిల్లలకు ఆ మందు ఇవ్వకపోవడం అందుకే, పళ్ళు పసుపెక్కుతాయి.) కొన్ని రోజులయ్యాక మోకాలి కింది ఎముకను వెంట్రుకంత పలుచగా కోసి, అతినీలలోహిత కాంతి కింద సూక్ష్మదర్శినిలో చూస్తే, పసుపుకొమ్ముతో గీసినట్టు ఒక గీత మెరుస్తుంది. దానికీ పలకకూ మధ్య దూరాన్ని రోజులతో భాగిస్తే, ఎలుకపిల్ల రోజుకు ఎంత పెరిగిందో మిల్లీమీటరులో వందో వంతు దాకా తెలుస్తుంది. ఎలుక ప్రాణం పోతుంది, అది మీ దగ్గర దాచను, నాకూ మొదటి వారం అన్నం సయించలేదు.

ఆ పలకను నడిపేది హార్మోన్లే. మెదడు కింద పీయూష గ్రంథి ఉంటుంది, ఎలుకలో దాన్ని తీసేస్తే పలక పలుచబడి ఎదుగుదల ఆగుతుంది, ఆ గ్రంథి రసం ఎక్కిస్తే మళ్ళీ మందమవుతుంది. 1921లో ఇవాన్స్, లాంగ్ అనేవాళ్ళు ఆ రసం ఎక్కించి ఎలుకల్ని మామూలు కంటే బాగా పెద్దగా పెంచారు. 1949 నాటికి పలక మందాన్ని బట్టే ఆ రసంలో పెరుగుదల హార్మోను ఎంతుందో లెక్కకట్టేవాళ్ళు. చిట్టీ, అన్నను దాటానని మురవకు, ఆడపిల్లలు ముందే పొడుగై ముందే ఆగుతారు, ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఆ పలకను మూసేస్తుంది. మగపిల్లల్లోనూ మూసేది అదే. ఎలుకలో మాత్రం ఆ పలక పెద్దయ్యాక కూడా పూర్తిగా మూసుకోదు, అందుకే ఎలుక లెక్కను మనిషికి ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు.

మన నల్లగొండోళ్ళకు ఇది ఊసుపోక చదువు కాదు. 1970ల్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు మన ఊళ్ళకే వచ్చి, ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగిన పిల్లల మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునేలా వంగడం చూసి రాశారు. తిండిలో కాల్షియం చాలకపోతే మెడలోని పారాథైరాయిడ్ హార్మోను ఎముకలోంచే దాన్ని లాగుతుంది, ఫ్లోరైడ్ తోడైతే ఇంకా ఎక్కువ. మా క్లాసులో ఇద్దరు అట్లానే నడిచేవాళ్ళు.

ఈసారి వచ్చేటప్పుడు సన్నపు పెన్సిల్ తెండి. బొగ్గు గీత మందమే అర సెంటీమీటరుంది, దాని మీద మీరిద్దరూ కొట్టుకుంటున్నారు.

మీ తాత