తాతయ్య కేస్ డైరీలు ఇంట్లో ఎందుకు లేవంటే

మలక్‌పేట, హైదరాబాద్

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు చిన్న తాతయ్య ఆశీస్సులు.

సంవత్సరీకానికి వచ్చినప్పుడు తాతయ్య ట్రంకుపెట్టె తెరిచారట కదా. కేసుల కథలుంటాయనుకుంటే పాల లెక్కలు, కరెంటు బిల్లులు దొరికాయని మీ నానమ్మ చెప్పింది. సీఐడీలో పనిచేసిన మనిషి ఇంట్లో ఒక్క కేసు కాగితమూ లేదేమిటని అడిగారట. మంచి ప్రశ్నే.

దర్యాప్తు చేసే అధికారి రోజూ కేస్ డైరీ రాయాలి. ఏ టైంకి ఎక్కడికి వెళ్లాడు, ఎవరిని కలిశాడు, ఏం తెలిసింది, అంతా. జడ్జి దాన్ని తెప్పించుకుని చూడొచ్చు. ముద్దాయికి మాత్రం అడిగి తీసుకునే హక్కు లేదు. అలాంటిది ఇంటికెలా తెస్తాడు? మీరు సినిమాల్లో చూసే పోలీసు కాదర్రా మా అన్నయ్య. తుపాకీ కంటే పెన్నుతోనే ఆయనకు పని. నాంపల్లి కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన ముందు రోజు ఎంత టెన్షన్ పడేవాడో మాకే తెలుసు.

దొంగను నాలుగు తగిలిస్తే నిజం చెప్పడా అని నేనొకసారి అడిగాను. చెప్తాడు, చెయ్యనిది కూడా చెప్తాడు అన్నాడు. పైగా పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో నేరం రుజువు చెయ్యడానికి పనికిరాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనే, 25వ సెక్షన్‌లో ఆ మాట రాశారు. దొంగ చెప్పినచోట వస్తువు దొరికితే, ఆ మేరకు మాత్రం అతని మాట చెల్లుతుంది. అందుకే ఆయనకు మనుషుల కంటే వస్తువులు, జాడలు ముఖ్యం.

ఇంట్లోనూ అదే వరస. ఎవరేం చెప్పినా ‘చూశావా, విన్నావా?’ అనేవాడు. విసుగొచ్చేది, నిజం చెప్పాలంటే. మా వీధిలో నీళ్ల మోటారు పోయినప్పుడు వాచ్‌మన్ కొడుకే తీశాడని అంతా అన్నారు. అప్పటికి అన్నయ్య రిటైరయ్యాడు. అయినా గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినీ ఆ ప్రశ్నే అడిగాడు. చూసినవాడు ఒక్కడూ లేడు, అందరూ ఒకరి నోట విన్నవాళ్లే. మోటారు దొరకలేదు, ఆ కుర్రాడి మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

ఆయన సర్వీసంతా 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కిందే గడిచింది, అంటే కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం. దాంట్లో 173వ సెక్షన్ అంటే చార్జిషీటు, దర్యాప్తు ముగింపు. దాని బదులు 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టంలో 173 అంటే ఎఫ్‌ఐఆర్, మొదలు! అది చదివి ‘మళ్లీ మొదటికొచ్చాం’ అని తెగ నవ్వాడు.

వేలిముద్రలంటే మాత్రం ప్రాణం. మీ నానమ్మ వేళ్ల మీద శంఖులు, చక్రాలు లెక్కపెట్టి జాతకం చెప్తుంటే, ఆయన అవే చూసి మనిషిని గుర్తుపట్టొచ్చనేవాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రల్ని రకాలుగా విడదీసే పద్ధతికి కష్టపడింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్లు, పేరు మాత్రం అప్పటి బెంగాల్ పోలీసు పెద్ద హెన్రీ దొరకి దక్కింది. ఆ అన్యాయం గురించి భోజనాల దగ్గర కూడా వాదించేవాడు.

వేసవి సెలవుల్లో మీ నాన్నలవీ, అత్తలవీ ముద్రలు తీసిన కార్డులు నా దగ్గరున్నాయి. కవలలవి కూడా ఒకేలా ఉండవు, మీరే పోల్చి చూద్దురుగాని. దసరాకి రండి, మీవీ తీద్దాం. తెల్ల బట్టలు మాత్రం వేసుకురాకండి, సిరా పోదు.

మీ
చిన్న తాతయ్య