మౌస్ పోలేదు, డాంగిల్ చోటు చూడండి: వైర్‌లెస్ కీబోర్డ్, మౌస్‌పై అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్ సర్వీస్ పనిలో ఉన్నవాళ్లకి ఇది అలవాటే. ఫోన్ చేసినవాళ్లు జబ్బు పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు. "మౌస్ పోయిందండీ", "వైరస్ ఎక్కినట్టుంది", "డ్రైవర్ వెయ్యాలేమో". వెళ్లి చూస్తే చాలాసార్లు మౌస్ బాగానే ఉంటుంది, కంప్యూటరూ బాగానే ఉంటుంది. తేడా అంతా ఆ రెండింటి మధ్య ఉన్న జాగాలో ఉంటుంది. అందుకే నేను సెట్టింగ్స్ జోలికి వెళ్లే ముందు డాంగిల్, అంటే మౌస్ సిగ్నల్ అందుకోవడానికి యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న ముక్క, ఎక్కడ గుచ్చారో చూస్తాను. కొత్త కాంబో (కీబోర్డ్, మౌస్ కలిసి వచ్చే సెట్టు) కొనే ముందు మీరూ ఆ పని చేయండి.

అపోహ: పాయింటర్ ఆగి ఆగి గెంతుతోందంటే మౌస్ పాడైనట్టే.

వాస్తవం: డాంగిల్‌తో వచ్చే మౌస్‌లు, కీబోర్డులు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేస్తాయి. అంటే 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఇరుకు జాగా. మన దేశంలో తక్కువ పవర్ పరికరాలు ఈ బ్యాండ్ వాడుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదని 2005లో నియమాలు వచ్చాయి. లైసెన్స్ లేదు కాబట్టే అందరూ అక్కడే ఉన్నారు: వైఫై రౌటర్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్, పక్కింటివాళ్ల రౌటర్. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ నడిచేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే.

అయితే చాలామందికి తెలియని అసలు దొంగ మీ కంప్యూటర్‌లోనే ఉంది. యూఎస్‌బీ 3 పోర్టు. సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పరిగెత్తేటప్పుడు ఆ కనెక్టర్, కేబుల్ చుట్టూ రేడియో గోల పుడుతుంది. అది సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. దీని మీద ఇంటెల్ కంపెనీయే 2012లో ఒక పత్రం విడుదల చేసింది. వైర్‌లెస్ మౌస్ డాంగిల్‌కి ఇబ్బంది అవుతుందని అందులో స్పష్టంగా చెప్పింది.

పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఒక ఫొటో స్టూడియోలో ఇది కళ్లారా చూడొచ్చు. అక్కడ డిజైన్ చేసే తమ్ముడి కంప్లైంట్ ఇది: "అన్నా, పొద్దున మంచిగనే ఉంటది, సాయంత్రం అయ్యేసరికి మౌస్ చెప్పినమాట వినదు." సాయంత్రం నువ్వేం పని చేస్తావంటే, ఆ రోజు తీసిన ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కిస్తానన్నాడు. కేబినెట్ వెనక్కి తొంగి చూస్తే, పక్కపక్కనే రెండు నీలం పోర్టులు. ఒకదాంట్లో హార్డ్‌డిస్క్ కేబుల్, రెండోదాంట్లో దాన్ని ఆనుకుని డాంగిల్. కాపీ మొదలుపెట్టమన్నాను. ఆకుపచ్చ గీత కదలగానే పాయింటర్ ఇక్కడ మాయమై అక్కడ తేలడం మొదలైంది. కాపీని పాజ్‌లో పెడితే మళ్లీ బుద్ధిగా కదిలింది. మౌస్ మార్చలేదు, సాఫ్ట్‌వేర్ ముట్టుకోలేదు. ఒక మామూలు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి, డాంగిల్‌ని టేబుల్ మీదికి, మానిటర్ స్టాండ్ పక్కకి తెచ్చి పెట్టాం. అంతే.

కేబుల్ దొరకకపోతే కనీసం డాంగిల్‌ని నలుపు లేదా తెలుపు పోర్టులోకి, హార్డ్‌డిస్క్‌కి దూరంగా మార్చండి. నీలం రంగు సాధారణంగా యూఎస్‌బీ 3కి గుర్తు. కానీ కంపెనీలన్నీ ఈ రంగుల పద్ధతి పాటించవు, లాప్‌టాప్‌లలో అయితే అసలు నమ్మొద్దు. పోర్టు పక్కన యూఎస్‌బీ 3కి గుర్తుగా ఎస్‌ఎస్ అనే అక్షరాలు ఉన్నాయేమో చూడండి. లాప్‌టాప్‌కి ఎడమవైపు డాంగిల్, కుడివైపు హార్డ్‌డిస్క్ పెట్టుకున్నా చాలా తేడా కనిపిస్తుంది.

అపోహ: బాక్స్ మీద 10 మీటర్లు అని రాసి ఉంది, మన టేబుల్ మీటరున్నర కూడా లేదు. కాబట్టి దూరం సమస్య కాదు.

వాస్తవం: ఆ 10 మీటర్లు మధ్యలో అడ్డం లేనప్పుడు. మన ఆఫీసుల్లో సీపీయూ ఎక్కడుంటుంది? ఇనుప టేబుల్ కింద అరలో, గోడ వైపు తిరిగి. డాంగిల్ దాని వెనక. అంటే మౌస్‌కీ డాంగిల్‌కీ మధ్య ఒక రేకు టేబుల్, ఒక రేకు డబ్బా. రేడియో తరంగాలకి లోహం గోడలాంటిదే. ముందు వైపు పోర్టులోకి మారిస్తే సగం కేసులు అక్కడే తీరిపోతాయి. కొత్త మౌస్ అమ్ముకునేవాళ్లు ఈ మాట చెప్పరు లెండి.

అపోహ: మౌస్ కింద ఎర్రలైటు వెలుగుతోంది, అంటే సెల్ బాగానే ఉంది.

వాస్తవం: లైటు వెలగడానికి కొంచెం కరెంటు చాలు. సిగ్నల్ పంపేటప్పుడు మాత్రం సెల్ నుంచి ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. అయిపోవచ్చిన సెల్ వోల్టేజ్ ఆ క్షణంలో పడిపోతుంది, సిగ్నల్ తెగుతుంది, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. దీనికి తిరగేసిన అపోహ కూడా ఉంది: లైటు రావట్లేదు కాబట్టి మౌస్ చచ్చిపోయిందని. చాలా మౌస్‌లలో ఉండేది కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లైటు. అది వెలుగుతున్నా మీకు చీకటిగానే ఉంటుంది.

సెల్ మార్చేటప్పుడు గోడగడియారంలోంచి తీసిన పాతదొకటి, కొత్తదొకటి కలిపి వేయకండి. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీఛార్జబుల్ నికెల్ సెల్ 1.2 వోల్టులు. రీఛార్జబుల్ వేస్తే పనిచేస్తుంది కానీ స్క్రీన్ మీద చూపించే బ్యాటరీ శాతాన్ని నమ్మడానికి లేదు. స్ప్రింగ్ మీద తెల్లటి పొడి కనిపిస్తే సెల్ కారిందని అర్థం. పొడిని చేత్తో ముట్టుకోకుండా తీసేసి, స్ప్రింగ్ మెరిసేదాకా శుభ్రం చేస్తే చాలావరకు మళ్లీ పనిచేస్తుంది. ఇక కొత్త మౌస్ అసలు ఆన్ కావట్లేదంటే, సెల్ దగ్గర ప్లాస్టిక్ పట్టీ లాగారో లేదో చూడండి. నవ్వకండి, ఆ ఫోన్లూ వస్తాయి.

అపోహ: డాంగిల్ పోయింది. అదే కంపెనీది ఇంకో డాంగిల్ ఉంది, అది పెడితే సరిపోతుంది.

వాస్తవం: మామూలు చవక కాంబోల్లో డాంగిల్, కీబోర్డ్, మౌస్ ఫ్యాక్టరీలోనే జత కట్టి వస్తాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఇంకో డాంగిల్ మాట వినవు. డాంగిల్ పోతే ఆ సెట్టు పోయినట్టే అనుకోవాలి. కొన్ని మాత్రం మళ్లీ జత చేసుకునేలా వస్తాయి. ఉదాహరణకి లాజిటెక్ 2009లో తెచ్చిన యూనిఫయింగ్ డాంగిల్‌కి ఆరు పరికరాల వరకు కలపొచ్చు. డాంగిల్ మీద నారింజ రంగు గుర్తు ఉంటుంది, మౌస్ కింద కూడా అదే గుర్తు ఉండాలి. 2021లో వచ్చిన బోల్ట్ డాంగిల్ వేరే రకం. యూనిఫయింగ్ మౌస్ దానితో కలవదు, బోల్ట్ మౌస్ దీనితో కలవదు. పోయిందనుకునే ముందు మౌస్ సెల్ మూత తెరిచి చూడండి, డాంగిల్ దాచుకునే చిన్న గూడు చాలా మౌస్‌లలో అక్కడే ఉంటుంది.

అపోహ: డ్రైవర్ అప్‌డేట్ చేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: డాంగిల్‌ని కంప్యూటర్ చూసేది ఒక మామూలు యూఎస్‌బీ కీబోర్డ్, మౌస్‌గానే. దానికి కావలసిన డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) విండోస్‌లో ముందే ఉంటుంది. నెట్‌లో దొరికే "డ్రైవర్ అప్‌డేటర్" సాఫ్ట్‌వేర్లు వేసుకుని కొత్త తలనొప్పి తెచ్చుకోవద్దు. అప్పుడప్పుడు నిజంగా అప్‌డేట్ చేయాల్సింది డాంగిల్ లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అదే ఫర్మ్‌వేర్. 2016లో బాస్టిల్ అనే సెక్యూరిటీ సంస్థ మౌస్‌జాక్ అనే లోపాన్ని బయటపెట్టింది: చాలా కంపెనీల బ్లూటూత్ కాని డాంగిళ్లలోకి దూరం నుంచే, మీరే కీబోర్డ్ మీద కొట్టినట్టు, దొంగ కీస్ట్రోకులు పంపొచ్చని. అలాంటివాటికి కంపెనీ సొంత సైట్‌లో ఫర్మ్‌వేర్ ఉంటే వేసుకోవడం మంచిది.

అపోహ: షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను, ఇంకేం మిగిలింది?

వాస్తవం: విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ లోపలి భాగాన్ని, డ్రైవర్లతో సహా, డిస్క్‌లో దాచిపెట్టి మళ్లీ అదే లేపుతుంది. తప్పు కూడా దానితోపాటే లేస్తుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం అన్నీ మొదటి నుంచి లోడ్ అవుతాయి. కాబట్టి రీస్టార్ట్.

కాసేపు వదిలేసి వస్తే మౌస్ పలకట్లేదా? అది పవర్ పొదుపు పని. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో "పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపెయ్యవచ్చు" అన్న టిక్ తీసేయండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ కనిపించదు. అప్పుడు పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఉందేమో చూడండి.

అపోహ: బ్లూటూత్ కదా, ఆన్ చేస్తే దానంతట అదే కలుస్తుంది.

వాస్తవం: మొదటిసారి కలపాలంటే ఆన్ చేస్తే సరిపోదు, పెయిరింగ్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి, లైటు గబగబా మినుకుమనాలి. ఇంతకుముందు కలిసి ఇప్పుడు కలవట్లేదంటే, లిస్టులోంచి దాన్ని తీసేసి మళ్లీ మొదటి నుంచి జత చేయండి. తీసేయకుండా కనెక్ట్ మీద ఎన్నిసార్లు నొక్కినా పాత తాళంచెవితోనే ప్రయత్నిస్తూ ఉంటుంది. కీబోర్డ్ అయితే స్క్రీన్ మీద వచ్చిన అంకెలు ఆ కీబోర్డ్ మీదే కొట్టి ఎంటర్ నొక్కాలి. చాలామంది ఆ ఎంటర్ దగ్గరే ఆగిపోతారు.

ఒకటి, రెండు, మూడు అని వేర్వేరు పరికరాలకి మార్చుకునే బటన్ ఉన్న మోడల్ అయితే, అది వేరే అంకె మీద ఉందేమో చూడండి. ఇక్కడ పలకని కీబోర్డ్ హాల్లో టీవీకి కనెక్ట్ అయి కూర్చున్న ఇళ్లున్నాయి. లాప్‌టాప్‌లో పెద్ద డౌన్‌లోడ్ నడుస్తున్నప్పుడే బ్లూటూత్ మౌస్ నత్తనడక నడుస్తుంటే, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

కీబోర్డ్ ఉన్నట్టుండి అక్షరాలు మింగేస్తోందంటే అది చాలాసార్లు కనెక్షన్ సమస్యే కాదు. విండోస్‌లో కుడివైపు షిఫ్ట్‌ని 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఫిల్టర్ కీస్ ఆన్ చేయమంటారా అని అడుగుతుంది. టేబుల్ మీద ఫైలు ఆనినా చాలు. ఎవరో ఒకరు ఎస్ అంటారు. అప్పటి నుంచి త్వరగా కొట్టిన అక్షరాలు పడవు. మళ్లీ అదే షిఫ్ట్‌ని 8 సెకన్లు పట్టుకుంటే పోతుంది. ఒక క్లిక్కు రెండు క్లిక్కులు అవుతుంటే మాత్రం అది లోపలి స్విచ్ అరిగిపోవడం. దానికి డాంగిల్ చోటు మార్చి లాభం లేదు.

అపోహ: అన్నీ వైర్‌లెస్ అయ్యాయి, వైరు కీబోర్డ్ ఇక దండగ.

వాస్తవం: బయోస్ (విండోస్ లేవక ముందే వచ్చే కంప్యూటర్ సెట్టింగ్స్) తెరవాలన్నా, విండోస్ లేవక ముందే బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ కొట్టాలన్నా బ్లూటూత్ కీబోర్డ్ సాధారణంగా పలకదు. బ్లూటూత్ జత కట్టేది విండోస్ లేచాక. డాంగిల్ కీబోర్డ్ చాలావరకు అక్కడ కూడా పనిచేస్తుంది, ఎందుకంటే జత డాంగిల్ లోపలే ఉంటుంది. అయినా అటక మీద పాత వైరు కీబోర్డ్ ఉంటే స్క్రాప్‌కి వేయకండి. మౌస్ పూర్తిగా ఆగిపోయినప్పుడు ఆ కీబోర్డ్ మీద ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్‌లాక్ మూడూ కలిపి నొక్కి, అడిగినప్పుడు ఎంటర్ కొడితే, కుడివైపు అంకెల మీటలతోనే పాయింటర్ జరుపుకోవచ్చు. 5 నొక్కితే క్లిక్.