గాలిలో వేళ్ళేసిన మల్లె కొమ్మ

కదిరి నుంచి బెంగళూరు బస్సెక్కేటప్పుడు అమ్మ ఎప్పుడూ మల్లె కొమ్మలు తడిగుడ్డలో చుట్టి ఇస్తుంది. పోయినేడాది అలా తెచ్చినవి మారతహళ్ళి ఫ్లాట్‌లో, కిచెన్ కిటికీ దగ్గర గ్లాసు నీళ్ళల్లో పెట్టా, పది రోజులకి అడుగు నల్లబడి, ముట్టుకుంటే తొక్క ఊడొచ్చేంత మెత్తబడి ఒకటే కుళ్ళు వాసన. నీళ్ళల్లోనే ఉన్న కొమ్మ ఎందుకు చచ్చిపోయింది అనే ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

కొమ్మకి నీళ్ళతో పాటు ఊపిరి కూడా కావాలి. కోసిన చోట గాయం మాన్పుకోవాలి, కొత్త కణాలు పుట్టించాలి, ఆ పనికంతా ఆక్సిజన్ ఖర్చవుతుంది. 20 డిగ్రీల నీళ్ళల్లో లీటరుకి మహా అయితే 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది, అదే లీటరు గాలిలో అయితే 250 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది. పైగా నీళ్ళల్లో ఆక్సిజన్ పాకే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ, అంటే కదలని గ్లాసులో కొమ్మ చుట్టూ ఉన్నది అయిపోతే మళ్ళీ వచ్చి చేరడానికి చాలాసేపు పడుతుంది. ఈలోపు కుళ్ళబెట్టే బూజులూ బ్యాక్టీరియా పని మొదలుపెట్టేస్తాయి. పోనీ నీళ్ళు లేకుండా గాలిలో పెడదామంటే ఆకులు తేమ వదుల్తూనే ఉంటాయి, కింద తాగడానికి వేళ్ళు లేవు, రెండ్రోజుల్లో వడిలిపోతుంది.

ఈ రెండు చావుల మధ్య సందు వెతకడమే మిస్ట్ పద్ధతి. కొమ్మ అడుగు చీకట్లో, గాలిలో వేలాడుతుంది, దాని మీద నీటి తుంపర పడుతూ ఉంటుంది, పైన పల్చటి తడి, చుట్టూ కావాల్సినంత గాలి.

నేను చేసింది ఇరవై లీటర్ల పెయింట్ బకెట్‌తో. మూతకి పన్నెండు కన్నాలు, యోగా మ్యాట్‌ని గుండ్రంగా కోసి, ఒక పక్క చీల్చి, కొమ్మని అందులో ఇరికించి కన్నంలో కూర్చోబెట్టా. లోపల ఐదు లీటర్ల నీళ్ళు, 18 వాట్ల కూలర్ పంపు, దానికి పీవీసీ పైపు, పైపుకి డ్రిప్ వాళ్ళు వాడే చిన్న స్ప్రింక్లర్లు. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో ఇవన్నీ దొరుకుతాయి. బకెట్ లోపలికి వెలుతురు పోకూడదు, పోతే పాచి పడుతుంది, అందుకే బయట నల్ల పెయింట్ వేసి దాని మీద తెల్లది వేశా, నలుపొక్కటే ఉంటే వేడెక్కుతుందని.

ఇప్పుడు అసలు అద్భుతం. వేరు రావాలని కొమ్మకి చెప్పేదెవరు? 1878లో హెర్మన్ ఫోష్టింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త విల్లో కొమ్మల్ని చీకట్లో తడి గాలిలో వేలాడదీశాడు, కొన్నిటిని తలకిందులుగా. ఎలా కట్టినా చెట్టు మీద ఉన్నప్పుడు ఏది అడుగో ఆ చివర్నే వేళ్ళు బాగా వచ్చాయి! కొమ్మకి తన పైనేదో కిందేదో గుర్తుంటుందన్నమాట. ఆ గుర్తు వెనకున్న పదార్థం ఆక్సిన్, దాన్ని 1920ల్లో ఓట్స్ మొలకల కొనల మీద ప్రయోగాలు చేసి పట్టుకున్నది ఫ్రిట్స్ వెంట్. చిగుర్లలో, లేత ఆకుల్లో తయారయ్యి కణం నుంచి కణానికి కిందికే నడుస్తుంది, కోసిన చోట ముందుకి దారి లేక పేరుకుంటుంది, అక్కడి కణాలు కొన్ని పాత పని మానేసి వేరుగా మారతాయి. చిగుర్లన్నీ తుంచేస్తే వేళ్ళు ఆలస్యమయ్యేది అందుకే, అయితే పెద్ద ఆకుల్ని సగానికి కత్తిరించాలి, తేమ పోకుండా. వేళ్ళు త్వరగా రావాలని కొమ్మ అడుగుకి అద్దే రూటింగ్ పౌడర్‌లో ఉండే ఐబీఏ (ఇండోల్ బ్యూటిరిక్ యాసిడ్) కూడా ఆక్సిన్ రకమే. ఇంకో సంగతి, గాలిలో వేళ్ళు పెంచే పద్ధతికి 1957లో ఏరోపోనిక్స్ అని పేరు పెట్టింది కూడా ఆ ఫ్రిట్స్ వెంట్ గారే, ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఇదే దారిలో విత్తన దుంపలు పండిస్తుంది.

మొదటి వారం నేను చేసిన తప్పు పంపుని ఆపకుండా నడపడం. నీళ్ళల్లో మునిగిన పంపు తినే కరెంటంతా చివరికి వేడే కదా, ఐదు లీటర్లకి 18 వాట్లంటే బయటికి పోయేది లేకపోతే గంటకి 3 డిగ్రీలు పెరుగుతుంది. బాల్కనీలో 26 ఉంటే బకెట్‌లో 31 చూపించింది, ఆ వేడి నీళ్ళు కుళ్ళు తెగులుకి చాలా ఇష్టం. టైమర్ పెట్టి ఒక నిమిషం ఆన్, నాలుగు నిమిషాలు ఆఫ్ చేశాక కుదుటపడింది. రెండోది మా ట్యాంకర్ బోరు నీళ్ళు. మూడో వారంలో ఒక స్ప్రింక్లర్ కన్నానికి సున్నం పట్టేసి ఆ వైపు మూడు కొమ్మలు ఎండిపోయాయి, అప్పట్నుంచి వారానికోసారి స్ప్రింక్లర్లు నిమ్మ ఉప్పు నీళ్ళల్లో నానబెడుతున్నా, వాన పడితే ఆ నీళ్ళే పోస్తున్నా. ఎరువు మాత్రం వేళ్ళు వచ్చేదాకా వద్దు, తాగే నోరే లేనప్పుడు ఎరువేసి లాభం లేదు.

తొమ్మిదో రోజు మూత తీస్తే అడుగున తెల్లటి బుడిపెలు, పదహారో రోజుకి ఒక కొమ్మకి మూడు వేళ్ళు. టార్చ్ వేసి చూస్తే వేరు చుట్టూ పాలనురుగు లాంటి సన్నటి నూగు, అవి వేరు రోమాలు, మట్టిలో నీళ్ళు పీల్చేవి అవే. గ్లాసు నీళ్ళల్లో వచ్చే వేళ్ళు చాలాసార్లు ఇంత నూగు లేకుండా నున్నగా ఉంటాయి, అందుకే మట్టిలోకి మార్చగానే బెంగ పెట్టుకుంటాయి.

వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ నమ్మలేదు, "మట్టే లేకుండా ఏళ్ళెట్లొచ్చినాయి నాయనా" అని ఫోన్ దగ్గరికి పెట్టమంది. పన్నెండింట్లో ఏడు బతికాయి. రెండంగుళాల వేళ్ళు రాగానే తీసి, పొడుగైతే ఒకదానికొకటి చుట్టుకుపోతాయి కాబట్టి, తడి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఉన్న గ్లాసుల్లో పెట్టి పైన ప్లాస్టిక్ కవర్ కప్పా. రోజుకి కాసేపు కవర్ ఎత్తుతూ, ఎనిమిదో రోజుకి పూర్తిగా తీసేశా. అందులో ఒకటి ఇప్పుడు కుండీలో ఉంది, మొన్ననే కొత్త చిగురేసింది.