ఐరోపా వైరం ఉత్తర సర్కారులకు చేరిన వైనం

బొబ్బిలి యుద్ధాన్ని మనం బొబ్బిలి, విజయనగరం సంస్థానాల మధ్య పగగా చెప్పుకుంటూ వస్తున్నాం. ఆ పగ నిజమే. అయితే 1757 జనవరి 24న ఆ కోటను కూల్చినవి ఫ్రెంచి ఫిరంగులు. అవి అక్కడికి ఎందుకు చేరాయో తెలుసుకోకపోతే కథలో సగమే మనకు తెలిసినట్టు.

ఆస్ట్రియా వారసత్వ యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్సు 1744లో నేరుగా తలపడ్డాయి. రెండేళ్లకు ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. 1748 సంధిలో ఉత్తర అమెరికాలోని లూయీబర్గ్ కోటను తిరిగి పొంది, మద్రాసును ఆంగ్లేయులకు వదిలిపెట్టారు. సంధి కుదిరింది గాని ఇరు దేశాల వర్తక కంపెనీలు సమకూర్చుకున్న సేనలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. అదే ఏడు దక్కను పాలకుడు నిజాం ఉల్ ముల్క్ మరణించగా, వారసత్వం కోసం పోరాడుతున్న వారికి ఆ సేనలు అవసరమయ్యాయి.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో 1751లో గద్దెనెక్కిన సలాబత్ జంగు, ఆ సైన్యానికి జీతాలు చెల్లించే మార్గం లేక, కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను, అంటే ఆంధ్ర తీరంలో ఉత్తర సర్కారులుగా పేరుపడ్డ జిల్లాలను, 1753లో ఫ్రెంచివారికి అప్పగించాడు. సైన్యాన్ని పోషించడానికి శిస్తు, శిస్తు రాబట్టడానికి సైన్యం కావలసి వచ్చాయి. ఈ తీరం నుంచే నేత బట్టలు కొనుక్కుపోయే ఆంగ్లేయులకు, చుట్టూ ఉన్న భూమి శత్రువు చేతిలో పడ్డాక తమ కోఠీలకు (వర్తక స్థావరాలకు) ఇక రక్షణ లేదని అర్థమైంది.

శిస్తు బకాయిల కోసం బుస్సీ స్వయంగా సర్కారులకు వచ్చినప్పుడు విజయనగరం ప్రభువు విజయరామరాజు అతనికి తోడై, ఆ బలాన్ని బొబ్బిలి మీదికి మళ్లించాడు. బొబ్బిలి ప్రభువు రంగారావు నేలకొరిగాడు, కోటలోని స్త్రీలు, పిల్లలు శత్రువుల చేత చిక్కకుండా తమవారి చేతుల్లోనే ప్రాణాలు విడిచారు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును హతమార్చాడు. ఇంత నెత్తురుకు కారణమైన పన్నుల లెక్కను మన వీరగాథలు పెద్దగా పట్టించుకోకపోవడం నన్ను బాధిస్తుంది.

అప్పటికే, 1756లోనే, ఐరోపాలో బ్రిటన్, ఫ్రాన్సు మళ్లీ తలపడిన సప్తవర్ష సంగ్రామం మొదలైంది. 1757 జూన్‌లో బుస్సీ విశాఖపట్నంలోని ఆంగ్లేయుల కోఠీని పట్టుకున్నాడు. మరుసటి ఏడు ఫ్రెంచి సేనాధిపతి లాలీ అతన్ని దక్షిణానికి రప్పించుకోవడంతో సర్కారులలో ఫ్రెంచి బలం సన్నగిల్లింది. విజయరామరాజు వారసుడు ఆనందరాజు ఫ్రెంచివారిపై తిరగబడి ఆంగ్లేయుల సాయం కోరాడు. ఆంగ్లేయ కంపెనీ అధికారి క్లైవు బెంగాలు నుంచి పంపిన కల్నల్ ఫోర్డు 1758 డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. ఫ్రెంచివారికి సాయంగా సేనతో బయలుదేరిన సలాబత్ జంగు, మే నెలలో ఆంగ్లేయులతోనే ఒప్పందం చేసుకుని మచిలీపట్నం ప్రాంతాన్ని వారికి రాసిచ్చాడు.

1763 పారిస్ సంధి ఫ్రెంచివారికి పుదుచ్చేరిని తిరిగి ఇప్పించింది, సర్కారులను మాత్రం ఇప్పించలేదు. 1765లో క్లైవు మొగలు చక్రవర్తి నుంచి సర్కారులకు ఫర్మానా (రాజాజ్ఞ) పొందాడు. 1766లో, సలాబత్ జంగు తర్వాత గద్దెనెక్కిన నిజాం అలీ కూడా, ఏటా కొంత సొమ్ము చెల్లించాలన్న షరతుతో, ఆంగ్లేయుల హక్కును ఒప్పుకున్నాడు.